మూడు ముక్కలు, ఆరు వీపులు

ఈ రోజుల్లో జిగురు అంటదు. ఈ మాట ఎవరితో అన్నా నాకు వయసు మీద పడిందని అనుకుంటున్నారు గానీ, ఇది వయసుకు సంబంధించిన విషయం కాదు. పెదాల రంగు డబ్బాలాంటి గొట్టంలో పెట్టి అమ్ముతున్నారు. కింద తిప్పితే పైకి లేస్తుంది. కాగితానికి రాస్తే కాగితం తప్ప అన్నీ అంటుకుంటాయి. వేళ్ళు అంటుకుంటాయి, చీర కొంగు అంటుకుంటుంది, ఆ గొట్టం మూత గొట్టానికి అంటుకుని మళ్ళీ రాదు. ఇంత శక్తి ఉన్న పదార్థం కాగితం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొహమాటపడుతుందో నాకు అర్థం కాదు.

మొన్న ఆదివారం మా మనవరాలు ఆ గొట్టంతో అరగంట కుస్తీ పట్టింది. ఎనిమిదో తరగతి. ప్రాబబిలిటీ మీద ఏదైనా ఆట తయారుచేసి తెమ్మని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అట్టతో పాచిక చేసి, ఆరు వైపులా రంగు కాగితాలు అంటించాలని దాని ప్రయత్నం. కాగితాలు మాత్రం ఫ్యాను వేస్తే చాలు, ఒకదాని తరువాత ఒకటి సెలవు తీసుకుంటున్నాయి.

హాల్లో దివాను మీద మా అత్త కూర్చుని ఉంది. సొంత అత్త కాదు, ఊళ్ళో మా పక్క పొలం వాళ్ళు, వరస కలిపి అత్త. కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేట వచ్చి పది రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. కళ్ళకు నల్లద్దాలు. టీవీ చూడవద్దన్నారు కాబట్టి మమ్మల్ని చూస్తోంది.

చివరికి నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో గుప్పెడు మైదా వేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద కలపడం మొదలుపెట్టాను. పిండి ఉడికి, గాజులా మెరిసి, గరిటెకు సాగుతుండగా ఆ వాసన వచ్చింది. కొంచెం పులుపు, కొంచెం చాకిరేవు, కొంచెం ఎన్నికల పోస్టర్. ఆ వాసనకు నేను వంటింట్లోంచి నేరుగా మా ఊరి కాలవ గట్టు మీద తేలాను.

“పాచిక పక్కన పెట్టు. మీ తాతయ్య పాత పేకలు ఉండాలి చూడు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. తీసుకురా. నీకు ఆట నేను చేసి పెడతా” అన్నాను.

అత్త నల్లద్దాలు ఇటు తిరిగాయి.

మా ఊరికి కారంపూడిలో బస్సు దిగి నడవాలి. సాగర్ కాలవ పెద్ద కాలవై, చిన్న కాలవై, పిల్ల కాలవై, ఇక చాలించుకుందామని నిశ్చయించుకున్న చోట మా పొలం ఉండేది. ఇంజనీర్లు దాన్ని టెయిల్ ఎండ్ అనేవాళ్ళు. మేము నీళ్ళు రాని చోటు అనేవాళ్ళం. ఆ పిల్ల కాలవ కొసన ఒక తూము. దానికి కుడి పక్క మా నాలుగెకరాలు, ఎడమ పక్క మామవి నాలుగెకరాలు. మామ అంటే ఈ అత్త భర్త. రెండు పక్కలా మిరపే. రెండు వైపులకూ ఒకేసారి నీళ్ళు వదిలితే ఆ సన్నటి ధార ఎవరి చేలోనూ నాలుగు సాళ్ళు దాటదు, నల్లరేగడి తాగేస్తుంది. అందుకని ముందు ఒకరు, తరువాత ఒకరు. ముందు పెట్టుకున్నవాడికి చేను తడుస్తుంది. తరువాతివాడికి కాలవ తడుస్తుంది.

ఈ ముందు వెనకల మీద మా తాతల కాలంలో పారలు లేచాయట. ఆపైన గురజాల కోర్టు. వాయిదా రోజున ఇద్దరు తాతలూ ఒకే బస్సులో పోయి, ఒకే హోటల్లో తిని, ఒకే బస్సులో తిరిగి వచ్చేవాళ్ళట, దారి పొడుగునా ఒక్క మాట లేకుండా. కేసు తేలకుండానే ఇద్దరూ పోయారు. మా నాన్న, మామ మాత్రం కలిసిపోయారు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నీళ్ళు వచ్చినప్పుడే కొంచెం ఇబ్బందిగా ఉండేది.

ఆ ఇబ్బందిని మామ పరిష్కరించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఏదో తిరునాళ్ళకు పోయి వచ్చి, మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో ప్రత్యక్షమయ్యాడు.

“బావా, ఇక మనకు గొడవ లేదు. నీ కాడ పాత పేకలు ఉన్నయ్యిగా, ఇటియ్యి. అత్తా, కాసింత మైదా ఉడకబెట్టు.”

అత్తా అన్నది మా నాయనమ్మను. ఆమెకు అక్షరం ముక్క రాదు, ముక్కుపొడి లేనిదే మాట రాదు. “ఏందిరా, మళ్ళీ ఎలక్షన్లా?” అంటూనే పిండి ఉడికించింది. మామ ఎర్ర వీపు ముక్కలు మూడు, నీలం వీపు ముక్కలు మూడు తీసి, బొమ్మలు లోపలికి, వీపులు బయటికి వచ్చేట్టు జంటలుగా అతికించాడు. ఒక జంటకు రెండు పక్కలా ఎరుపు. ఒక జంటకు రెండు పక్కలా నీలం. మూడోదానికి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. లోపల ఏ రాజు ఏ రాణి మొహానికి మొహం ఆనించి ఎండిపోయాడో ఆ తరువాత ఎవరూ చూడలేదు. మిగిలిన జిగురుతో నేను నాయనమ్మ ముక్కుపొడి డబ్బీ మూత అతికించాను. సాయంత్రానికి ఆ విషయం ఇంటిల్లిపాదికీ, రెండు వీధులకూ తెలిసింది.

ఆట ఇలా ఉండేది. మూడు ముక్కలూ గుడ్డసంచిలో వేస్తారు. లస్కరు, అంటే కాలవ గేట్లు తిప్పే గవర్నమెంటు మనిషి, రెండు చేలకూ సంబంధం లేనివాడు గనక, కళ్ళు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి తువ్వాలు మీద పెడతాడు. పై రంగు అందరికీ కనిపిస్తుంది. కింద ఏ రంగు ఉందో ఎవరికీ తెలియదు. ఎరుపు కనిపించిందనుకోండి, మామ గొంతు సవరించుకుని తీర్పు చదివేవాడు:

“ఎరుపు కనబడుతుంది కాబట్టి ఇది నీలం-నీలం ముక్క కాదు. ఇక మిగిలినయ్యి రెండే. ఎరుపు-ఎరుపన్నా కావాల, ఎరుపు-నీలమన్నా కావాల. అంటే కింద ఎరుపు ఉండేదానికి సగం, నీలం ఉండేదానికి సగం. ఏం బావా, న్యాయమేనా?”

“న్యాయమే బావా. పెద్దోడివి, ముందు నువ్వు చెప్పు.”

“నేను కనపడేదాన్నే నమ్మేవాణ్ణి. పైన ఏది ఉందో నాకదే. ఎరుపు.”

“సరే, నాకు నీలం.”

ముక్క తిప్పేవాళ్ళు. చాలాసార్లు ఎరుపే ఉండేది. నాన్న పార భుజాన వేసుకుని ఇంటికి వచ్చేవాడు.

మామ మోసగాడని నేను అనడం లేదు. ఈ మాట అత్త ఎదుట కూడా అన్నాను. సగం సగం అని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. మా నాన్న అంతకంటే మనస్ఫూర్తిగా నమ్మాడు. ఊరు ఊరంతా నమ్మింది. ఆరేళ్ళుగా ఎక్కువసార్లు మామే గెలుస్తుంటే, ఊరు దానికి కారణం కూడా కనిపెట్టింది. మామది మంచి చెయ్యి అంది. ఎవరైనా చేలో విత్తనం వేయాలంటే మొదటి గుప్పెడు మామ చేత చల్లించేవాళ్ళు. బోరు వేస్తే మొదటి కొబ్బరికాయ మామే కొట్టాలి. ఒకాయన కొడుకుని పరీక్షకు పంపుతూ పెన్ను మామ చేత ముట్టించి తీసుకుపోయాడు. ఆ పిల్లవాడు తప్పాడు గానీ, పెన్ను మంచిది కాదన్నారు.

మా నాన్నది మాత్రం కలిసిరాని చెయ్యి అయింది. ఎవరూ పైకి అనలేదు. శుభకార్యాలకు ఆయన్ని వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్ళు, అంతే.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు, మాఘం వెళ్ళేసరికి మా చేను రెండు తడులుగా సరిగ్గా నీళ్ళు చూడలేదు. రెండుసార్లూ మామే ముందు. మా చేను కొసన ఆకు ముడుచుకుని, పూత రాలడం మొదలైంది. ఇంటి ముందు కల్లంలో మొదటి కోత కాయ ఎర్రటి దుప్పటిలా పరిచి ఉంది. ఆ ఘాటుకు ఊళ్ళో కుక్కలు కూడా తుమ్మేవి. మేము ఆ ఘాటులోనే కూర్చుని రంగు చెడిన తాలు కాయలు ఏరుతూ, పచ్చిమిరపకాయ రోటిపచ్చడితో సద్దన్నం తినేవాళ్ళం. మిరపకాయలు తినీ తినీ, ఏరీ ఏరీ, పీల్చీ పీల్చీ పెరిగినవాళ్ళం కాబట్టి మా మాట కొంచెం అలా ఉంటుందని బయటివాళ్ళు అంటారు.

ఒకరోజు నాన్న కల్లంలో చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

“రెండో కోత నిలబడితే నిన్ను పేటలో కాలేజీలో చేరుస్తానమ్మాయ్. నిలబడకపోతే ఇంటికాడుందువుగాని, చూద్దాం.”

మా నాన్న వాడుకలో చూద్దాం అంటే లేదని అర్థం. అప్పటికి మా వీధిలో కాలేజీ చదువు పూర్తిచేసిన ఆడపిల్ల లేదు. వెళ్ళిన ఒక్కతీ మధ్యలో పెళ్ళి చేసుకుని వచ్చేసింది. కాబట్టి నా చదువు నాలుగెకరాల మిరపకు, మిరప తూముకు, తూము మూడు పేకముక్కలకు వేలాడుతూ ఉంది. లెక్కల మీద నాకు హఠాత్తుగా శ్రద్ధ కలగడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

మిగిలిన పాత పేకల్లోంచి నేనూ మూడు జంటలు అతికించుకున్నాను. మధ్యాహ్నాలు నాయనమ్మ గుడ్డసంచిలోంచి ముక్క తీసేది, నేను కింద రంగు చూసి గోడ మీద బొగ్గుతో గీత పెట్టేదాన్ని. పైనా కిందా ఒకే రంగైతే ఎడమ పక్క, వేరైతే కుడి పక్క. అరవైసార్లు తీసేసరికి ఎడమ పక్క నలభై ఒక్క గీతలు, కుడి పక్క పందొమ్మిది.

“సగం సగమైతే ముప్పై ముప్పై ఉండాలిగా నాయనమ్మా!”

“గోడ తెల్లగా ఉండాల కూడా. నువ్వు ఉంచావంటే?”

తాలు కాయలకని మా ఇంటికి వచ్చే లెక్కల మాస్టారికి ఆ గోడ చూపించాను. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో వచ్చేవాడు. తాలు కాయ కారం ఆయనకు ఎందుకు ఇష్టమో ఇప్పటికీ తెలియదు. ఆయన మూడు ముక్కలూ తిప్పి చూసి, జేబులోంచి సుద్దముక్క తీసి, నా గీతల పక్కన ఒకటి కింద రెండు అని భిన్నం వేశాడు.

“రెండు ముక్కలు మిగిలాయి. అందులో ఒకటి. సగం. ఇందులో ఏముందమ్మా?”

“మరి ఈ గీతలు మాస్టారూ?”

“గీతలు తప్పు” అని చెప్పి, తాలు కాయలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే మా పెరుగు కుండ పగిలింది. నాయనమ్మ వసారాలో నుంచి చూసేసరికి ఉట్టి ఊగుతూ ఉంది, నేలంతా పెరుగు, ఒక ఖాకీ నిక్కరు గోడ దూకుతూ కనిపించింది. మొహం కనిపించలేదు. మా సందులో పిల్లలున్న ఇళ్ళు మూడే. మొదటింట్లో ఇద్దరు మగపిల్లలు. మధ్య ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. చివరింట్లో ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. నాయనమ్మ కర్ర తీసుకుని నేరుగా మొదటింటి వైపు బయలుదేరింది. నేను వెనకాల.

“ఆళ్ళింటికే ఎందుకు నాయనమ్మా? చివరింట్లో కూడా పిల్లోడు ఉన్నాడుగా. రెండిళ్ళు. సగం సగం.”

నాయనమ్మ ఆగింది. నా వైపు చూసిన చూపులో ఇన్నాళ్ళ నా స్కూలు చదువు మీద అభిప్రాయం మొత్తం ఉంది.

“ఏం సగమే? ఇళ్ళు దూకినయ్యా గోడ? దూకింది మగపిల్లోడు. ఈ సందులో మగపిల్లోళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరు ఆ ఇంట్లోనే ఏడిశారు. కర్ర ముందు ఎటు పోవాల?”

నేను ఆ సందు మధ్యలో నిలబడిపోయాను. ఇళ్ళు దూకలేదు. ముక్కలు కనిపించవు, కనిపించేది వీపు. ఎర్ర వీపులు మూడు ఉన్నాయి. అందులో రెండు ఒకే ముక్కకు అటూ ఇటూ ఉన్నాయి, మొదటింటి అన్నదమ్ముల్లాగా. మూడోది ఒక్కటే నీలం చెల్లెలితో ఉంటోంది. కనిపించిన ఎరుపు ఆ మూడింటిలో ఏదైనా కావచ్చు. మూడింటిలో రెండుసార్లు దాని వెనక కూడా ఎరుపే. అందరూ ఇళ్ళను లెక్కపెడుతున్నారు. పిల్లల్ని లెక్కపెట్టాలి. ఆరేళ్ళుగా మామకు రెండు వంతులు, మాకు ఒక వంతు. మంచి చెయ్యీ లేదు, చెడ్డ చెయ్యీ లేదు. ముందు నోరు తెరిచినవాడిది గెలుపు.

నాయనమ్మ మొదటింటి మీద పెద్ద యుద్ధం చేసి వచ్చింది. తీరా చూస్తే కుండ పగలగొట్టింది చివరింటివాడు. వాళ్ళ చెల్లెలే సాయంత్రం వచ్చి చెప్పింది.

“మరి నీ కర్ర తప్పు కదా నాయనమ్మా?”

“కర్ర తప్పేం లేదే. ఆడే తప్పు” అంది.

ఆ తరువాత నేను చాలా ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పాను. ఈ విషయం ఇంతకంటే బాగా చెప్పగలిగిన పుస్తకం నాకు దొరకలేదు.

తరువాతి ఆదివారం మాస్టారికి మూడిళ్ళ సంగతి చెప్పాను. ఆయన సుద్దముక్క పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తాను వేసిన భిన్నం చేత్తో తుడిచి, రెండు కింద మూడు అని వేశాడు. వెళ్ళబోతూ మెల్లగా అన్నాడు: “నీదే రైటమ్మా. కాకపోతే పరీక్షలో ఇలా రాయకు. దిద్దేవాడు ఒప్పుకోడు.”

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. లెక్క అర్థం కాక కాదు. “పెద్దోడు బావ. ఆరేళ్ళుగా ముందు ఆయనే చెబుతున్నాడు. ఇప్పుడు నేను అడ్డంపడి నాకియ్యి అంటే బాగుంటదా?” అన్నాడు. బావమరిది మర్యాద ముందు ప్రాబబిలిటీ నిలబడదని అప్పుడే తెలుసుకున్నాను.

“నువ్వు అడగమాక. పిల్ల అడుగుద్ది. పిల్లకేం మర్యాద?” అంది నాయనమ్మ.

నాలుగో రోజున లస్కరు కబురు తెచ్చాడు. నీళ్ళు వదిలారు, ఇదే ఆఖరి తడి, ఐదు రోజులు, ఆరో రోజు పొద్దున గేట్లు దించేస్తారు. నాలుగెకరాలు తడవాలంటే నాలుగు రోజులు కావాలి. వెనకబడినవాడికి మిగిలేది ఒక్క రోజు.

ఆ పొద్దున తూము దగ్గరికి నాయనమ్మ కూడా ఎడ్లబండెక్కి వచ్చింది. ఆమె కాలవ గట్టుకు వచ్చి పదేళ్ళయింది గనక, ఏదో జరగబోతోందని ఊళ్ళో పదిమంది అనుమానపడి వెనకాలే వచ్చారు. మామ అప్పటికే తువ్వాలు పరిచి కూర్చున్నాడు. అత్త సద్ది క్యారేజీ పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. అత్త ఆ రోజు మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. ఆ రోజుల్లో ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

లస్కరు కళ్ళు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాడు. ముక్క తీసి తువ్వాలు మీద పెట్టాడు.

నీలం.

మామ గొంతు సవరించుకున్నాడు. “నీలం కనబడుతుంది కాబట్టి ఎరుపు-ఎరుపు కాదు. ఇక మిగిలినయ్యి రెండే. సగం సగం. ఏం బావా, న్యాయమేనా?”

“న్యాయమే బావా” అన్నాడు నాన్న, నేలను చూస్తూ.

“నేను కనపడేదాన్నే—”

“మామా!” అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “ఈసారి నీలం మాకియ్యవా?”

మామ నవ్వాడు. “ఏందే కోడలా, నీకు ముక్కలతో ఏం పని? పో, మీ నాయనమ్మకు దోసకాయ కోసిపెట్టు.”

“సగం సగమేగా మామా. కింద ఎరుపు ఉండేదానికి ఎంతో, నీలం ఉండేదానికీ అంతేగా. ఏదైనా ఒకటే అయినప్పుడు నీలం నాకిస్తే నీకేం పోద్ది?”

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరేళ్ళుగా మామ చదివిన తీర్పే అది. కాదంటే సగం సగం కాదని ఒప్పుకోవాలి. అవునంటే నీలం ఇవ్వాలి.

“ఎప్పుడూ పైరంగు నేనేగా చెప్పేది?” అన్నాడు.

“ఎప్పుడూ నువ్వే చెప్పాలని ఎక్కడన్నా చెక్కారంట్రా?” అంది నాయనమ్మ బండి మీద నుంచి. “దుర్గి శిల్పుల కాడికి పోయి రాతి మీద చెక్కించుకొచ్చావా?”

“అది కాదత్తా—”

“మరేంది? ఊళ్ళో విత్తనాలన్నీ నీ చేత్తోనే మొలుస్తున్నయ్యిగా. ఏ రంగు చెప్పినా గెలిచే చెయ్యేగా నీది. ఆడపిల్లకు భయపడతావేందిరా?”

అది తగిలింది. మామ మీసం సర్దుకుని, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, “భయమా? నాకా? తీసుకోవే నీలం. నాకు ఎరుపు. రంగు మారితే రాత మారుద్దంటే? తిప్పవయ్యా” అన్నాడు లస్కరుతో.

లస్కరు చెయ్యి ముక్క మీదికి వెళ్ళింది. ఆ క్షణం వరకూ నాకు లెక్క మీద అంతులేని నమ్మకం. ఆ క్షణంలో మాత్రం పెరుగు కుండ గుర్తొచ్చింది. మూడింటిలో రెండంటే మూడింటిలో మూడు కాదు. చివరింటి పిల్లాడు ఒకడున్నాడు. వాడు దూకడని ఎక్కడా రాసి లేదు. వాడే దూకి ఉంటే నేను రేపటినుంచి జీవితమంతా ఈ కల్లంలో తాలు ఏరుతూ, లెక్క తప్పు కాదు, వాడే తప్పు అని చెప్పుకుంటూ కూర్చోవాలి. ఎవరు వింటారు?

ఉక్కకు అట్ట ఉబ్బి ముక్క తువ్వాలుకు అతుక్కున్నట్టుంది. లస్కరు గోటితో లేపి, తిప్పాడు.

నీలం.

నాయనమ్మ ముక్కుపొడి పీల్చిన శబ్దం కాలవ అవతలికి కూడా వినిపించి ఉంటుంది. నాన్న ముక్క వైపు, నా వైపు, మళ్ళీ ముక్క వైపు చూశాడు. ఆరేళ్ళుగా భుజాన వేసుకుని ఇంటికి మోసిన పారను ఆ రోజు దించి, మా వైపు మడవ తెంపాడు. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించుకుని, మా చేలోకి తిరిగాయి. ఎండిన రేగడి మీద మొదటి నీళ్ళు పడినప్పుడు వచ్చే వాసన మీకు తెలిసే ఉంటుంది. కాలేజీ వాసన కూడా అదేనని నా గట్టి నమ్మకం.

మామ వెళ్ళిపోలేదు. అది ఆయనలోని గొప్పతనం. గట్టు మీద నా పక్కన కూర్చుని, “చెప్పవే, ఏం చేశావ్?” అన్నాడు. మూడిళ్ళ కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“మొదటింట్లో చిన్నోడు వాళ్ళ అమ్మమ్మగారింటి కాడ చదువుకుంటున్నాడుగా?” అన్నాడు.

“ఉన్నాడనుకో మామా.”

“లేనోణ్ణి ఎట్టా ఉన్నాడనుకుంటావే? అందుకే లెక్క తప్పింది.”

“తప్పలేదు మామా, మేమే గెలిచాం.”

“అదే అంటున్నా. నా చెయ్యి తప్పింది” అని లేచి, తువ్వాలు దులుపుకున్నాడు. మూడు ముక్కలూ నా ఒళ్ళో పడేశాడు. “ఉంచుకో. వచ్చేసారి నుంచి రూపాయి బిళ్ళ ఎగరేద్దాం. దానికి పిల్లలుండరు.”

రెండో కోత మా చేలో నిలబడింది. మామ చేలో కొస రెండెకరాల పూత రాలింది. అంతకుముందు తడులన్నీ ఆయనవే గనక మిగిలింది నిలిచింది. ఆ వేసవిలో నాన్న పక్కింటివాళ్ళ పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నాడు. జూన్‌లో ట్రంకుపెట్టె, పచ్చళ్ళ జాడీ, నాయనమ్మ ఇచ్చిన కర్ర లేని సలహాలు తీసుకుని నేను పేట బస్సెక్కాను. మా వీధిలో నా తరువాత ఆరుగురు ఆడపిల్లలు కాలేజీకి వెళ్ళారు. అందులో మధ్య ఇంటి ఇద్దరూ ఉన్నారు. ఆ ఆరు గీతలు బొగ్గుతో వేసుకోవాల్సినవి, నేను వేసుకోలేదు, అంతే.

ఇప్పుడు ఆ తూముకు ఇనప షట్టరు పెట్టారు, తుప్పు పట్టింది. చేలల్లో బోర్లు, నల్లటి సన్న పైపులు, ఫోనులో నొక్కితే తిరిగే మోటార్లు. నీళ్ళ కోసం గట్టు మీద ఎదురుచూసే మనిషి లేడు. మంచి చెయ్యి కావాలని ఎవరూ అడగడం లేదు. నాయనమ్మా, నాన్నా, మామా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఉక్క పెట్టిన మధ్యాహ్నాల్లో ఎక్కడైనా మిరపకాయ వేయిస్తే మాత్రం నాకు ముందు తుమ్ము, వెంటనే గోడ మీద నలభై ఒక్క గీతలు వస్తాయి.

కథ అయ్యేసరికి మైదా జిగురుతో అతికించిన మూడు ముక్కలూ ఎండాయి. మా మనవరాలు వాటిని గట్టిగా లాగి చూసింది. రాలేదు. నేను కొంచెం గర్వంగానే గొట్టం వైపు చూశాను. సంచిలో వేసి ముప్పైసార్లు తీశాం. ఒకే రంగు పందొమ్మిది, వేరు రంగులు పదకొండు. చార్టు మీద మూడిళ్ళ బొమ్మ గీసి, గోడ దూకుతున్న నిక్కరు కూడా వేసింది. కింద ఏమని రాయాలని అడిగింది.

“ఇళ్ళు దూకవు, పిల్లలు దూకుతారు అని రాయి. టీచరు అడిగితే మా అమ్మమ్మ వాళ్ళ నాయనమ్మ సిద్ధాంతం అని చెప్పు” అన్నాను. ఇంత గొప్ప విషయం నా తరువాతి తరానికి అందించానన్న తృప్తితో దివాను వైపు తిరిగి, “ఏం అత్తా, గుర్తుందా ఆ రోజు?” అన్నాను.

అత్త నల్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“గుర్తులేకేం. ఓ తడికి మీరు ముందు, ఓ తడికి మేం ముందు అనుకుంటే పోయేదిగా. దానికి ముక్కలెందుకు, ఇంత చదువెందుకు?” అంది.